కోట థీమ్ మళ్లీ వస్తుందా? అన్నదమ్ముల మధ్య ఒక లెగో పెట్టె

ప్రశ్న: నమస్కారమండీ. నాకు 38 ఏళ్లు. చిన్నప్పుడు మా మావయ్య నాకూ తమ్ముడికీ కలిపి ఒక లెగో (ఒకదానికొకటి బిగించి కట్టే ప్లాస్టిక్ ఇటుకల బొమ్మ) కోట సెట్టు కొనిచ్చారు. ఆ తర్వాత పుట్టినరోజుకొకటి చొప్పున ఇద్దరం కూడబెట్టుకున్నాం. గుర్రాలు, జెండాలు, ఎత్తి దించే వంతెనలు, డాళ్లు పట్టుకున్న సైనికులు ఒక పెద్ద ప్లాస్టిక్ పెట్టె నిండా ఉన్నాయి. చదువులు, ఉద్యోగాల్లో పడి పదిహేనేళ్లు ఆ పెట్టె మూత తీయలేదు. మా పాపకు ఎనిమిదేళ్లు వచ్చాక మళ్లీ లెగో వైపు చూశాను. నా కోటల థీమ్, అంటే ఒకే కథావస్తువు మీద వచ్చే సెట్ల వరస, ఎక్కడా కనిపించలేదు. అన్నీ సినిమాలు, వీడియో గేమ్‌లు, రేసు కార్లు, పూలగుత్తులు. "అన్నయ్యా, క్యాజిల్ థీమ్ పని అయిపోయింది. ఇక రాదు. ధర పలుకుతున్నప్పుడే మన పెట్టె అమ్మేద్దాం" అంటాడు తమ్ముడు. నాకు మనసొప్పడం లేదు. మాటా మాటా పెరిగి నెల రోజులుగా ఇద్దరం ముభావంగా ఉంటున్నాం. ఇంకో సంగతి. మా పాపకు నింజాగో, అంటే నింజా యోధులూ డ్రాగన్లూ ఉండే లెగో థీమ్, అంటే ప్రాణం. మొన్న చిరాకులో "ఇదసలు లెగోనే కాదు" అనేశాను. అప్పటినుంచి అది తన డ్రాగన్‌ను బయటికి తీయడం లేదు. కోట థీమ్ మళ్లీ వస్తుందా? పెట్టె అమ్మాలా, ఉంచుకోవాలా? పాప విషయంలో నేను చేసింది అంత తప్పా? - ఒక పాఠకుడు

జవాబు: మూడు ప్రశ్నలు అడిగారు. నేను చివరిదానితో మొదలుపెడతాను. మొదటి రెండూ ఇంకో నెల ఆగినా కొంప మునగదు. పాప సంగతి అలా కాదు.

అవునండీ, తప్పే జరిగింది. మీరు కావాలని అన్నారని నేను అనుకోవడం లేదు. తమ్ముడి మీద ఉన్న విసుగు పాప మీద పడింది. కానీ ఎనిమిదేళ్ల పిల్లకు ఆ తేడా ఎలా తెలుస్తుంది? నాన్నకు బాగా తెలిసిన ఆటలో తను ఇష్టపడింది లెక్కలోకి రాదని మాత్రమే దానికి అర్థమై ఉంటుంది. ముందు వెళ్లి సారీ చెప్పండి. సారీతో ఆగకుండా "నీ డ్రాగన్ తీసుకురా, దాని రెక్కలు ఎలా కదులుతాయో నాకు చూపించు" అనండి. చూపిస్తుంటే నిజంగా చూడండి, ఎందుకంటే అందులో మీకు కూడా చూడాల్సింది ఉంది. 1993లో కోట సెట్లలోకి వచ్చిన డ్రాగన్ మీకు గుర్తుండే ఉంటుంది. దాని ఒళ్లు, తల, తోక అన్నీ అచ్చులో పోసిన పెద్ద ముక్కలు. చేతికి తగిలే పని పెద్దగా ఉండేది కాదు. పాప డ్రాగన్ చాలావరకు చిన్న ముక్కలతో కట్టినది. వెన్ను నుంచి తోక కొస దాకా ఒక్కో కీలునూ అదే బిగించి ఉంటుంది. "అసలైన లెగో" అంటే కట్టడమే అయితే, ఈ ఒక్క విషయంలో మీ కంటే మీ పాపే నాలుగాకులు ఎక్కువ చదివింది.

నింజాగో 2011లో మొదలైంది. కొన్నేళ్లు నడిచి ఆగిపోయే థీమ్‌గానే దాన్ని అనుకున్నారు. 2013లో చిమా అనే కొత్త థీమ్‌ను చాలా ఆర్భాటంగా తెచ్చారు. అది 2015కే ముగిసింది. నింజాగో ఇప్పటికీ నడుస్తోంది. దాన్ని నిలబెట్టింది పిల్లలే. ఒక్కో థీమ్ రెండు మూడేళ్లకు మించి బతకడమే కష్టమైన చోట పదేళ్లకు పైగా నిలబడిందంటే, దాన్ని తీసిపారేసే హక్కు మనలాంటి పాతవాళ్లకు లేదు.

ఆ మాటకొస్తే మీ కోట కూడా ఒకనాటి కొత్త సరుకే. ఇటుకకు పేటెంటు అడిగింది 1958 జనవరిలో. ఈరోజు మనకు తెలిసిన చేతులూ కాళ్లూ కదిపే చిన్న మనిషి, అదే మినీఫిగర్, 1978లో గానీ రాలేదు. పట్నం, కోట, అంతరిక్షం అనే మూడు లోకాలు ఆ మనిషితో పాటే మొదలయ్యాయి. అంతకుముందు ఇటుకలతో మాత్రమే ఆడుకుని పెరిగిన పిల్లలూ ఉన్నారు. వాళ్లకు 1978 నాటి ఆ మొదటి పసుపుపచ్చ కోట తమ చిన్నతనంలో లేని వింతే కదా.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్నకు వస్తాను. దీని మీద కాస్త ఎక్కువే మాట్లాడాలి, ఎందుకంటే మీరూ మీ తమ్ముడూ ఇద్దరూ ఒకే చోట పొరబడుతున్నారని నాకనిపిస్తోంది. "కోట థీమ్ ఉండేది, పోయింది" అని ఇద్దరూ ఒప్పేసుకున్నారు. పోయినందుకు మీకు బాధ, పోయింది కాబట్టి అమ్మేద్దామని ఆయన తొందర. అసలు "ఉండేది" అన్నదాన్నే ఒకసారి చూద్దాం.

మీ జ్ఞాపకంలో కోట థీమ్ ఒకే నదిలా ఏళ్ల తరబడి పారినట్టు ఉంటుంది. నిజానికి అవి ఒకదాని తర్వాత ఒకటి వచ్చి ఎండిపోయిన చిన్న చిన్న కాలవలు. 1984లో సింహం గుర్తు సైనికులు, నల్ల డేగ గుర్తు సైనికులు వచ్చారు. 1987లో అడవి మనుషులు వచ్చారు. 1992లో తోడేలు గుర్తు దొంగలు, ఆ మరుసటి ఏడు డ్రాగన్ల యజమానులు, 1995లో రాజుగారి సైనికులు, 1997లో గబ్బిలం గుర్తువాళ్లు. 2000లో ఒకసారి, 2004లో ఇంకోసారి పేరు, రూపు మారాయి. 2007లో అస్థిపంజరాలు, మరుగుజ్జులతో జానపద కథలా వచ్చింది. 2010లో మళ్లీ సాదా రాజ్యాలు. 2013లో "క్యాజిల్" అన్న పేరుతో చివరి వరస. చాలావరకు కొన్నేళ్లు ఆడి తెర దించేవారు. మీ పెట్టెలో ఉన్నవి వీటిలో ఒకటి రెండు వరసలే అయ్యుంటాయి. మీరు పెట్టె మూసిన రోజుకే మీ చిన్ననాటి వరస ముగిసి చాలా కాలమై ఉంటుంది. అప్పుడు మీరు గమనించలేదు, అంతే.

థీమ్‌లు ఎందుకు ఇంత త్వరగా ముగుస్తాయి? ఆరేళ్ల పిల్ల నాలుగేళ్లలో పదేళ్లది అవుతుంది. ఈలోగా ఇంట్లో ఒక కోట వచ్చేసి ఉంటుంది, రెండో కోట ఎవరూ కొనరు. మళ్లీ కొత్త ఆరేళ్ల పిల్లలు వస్తారు, వాళ్లకు వాళ్లదైన కొత్త కథ కావాలి. బొమ్మల వ్యాపారంలో వాడుకరులు పెరిగి పెద్దవాళ్లై వెళ్లిపోతూనే ఉంటారు. ఈ లెక్క అర్థమైతే థీమ్ ముగియడం అవమానంలా అనిపించదు.

సినిమా థీమ్‌ల మీద మీకున్న కోపం గురించి కూడా చెప్పాలి. ఇది మీ ఒక్కరిదే కాదు. పాత అభిమానుల్లో సగం మంది మాట ఇదే: 1999లో స్టార్ వార్స్‌తో లైసెన్స్ థీమ్‌లు, అంటే వేరేవాళ్ల సినిమా కథను అనుమతితో వాడుకునేవి, వచ్చాక సొంత ఊహ పోయిందని. ఆ కోపంలో నిజం ఉంది. కానీ కథ అంత సూటిగా లేదు. 2003, 2004ల్లో ఆ కంపెనీ దాదాపు మునిగిపోయేంత నష్టం చూసింది. సినిమా విడుదలైన ఏడు అమ్మకాలు ఎగిసిపడి, సినిమా లేని ఏడు పడిపోవడం అందుకు ఒక కారణం. ఇంకో కారణం పూర్తిగా వాళ్ల సొంత ఊహదే. జాక్ స్టోన్ లాంటి సొంత థీమ్‌ల కోసం మరెందుకూ పనికిరాని పెద్ద పెద్ద ముక్కలకు అచ్చులు చేయించారు. ముక్కల రకాలు సుమారు 13,000కు చేరాయి. తర్వాత వాటిని దాదాపు సగానికి కోశారు. ఆ కష్టకాలంలో కంపెనీని మోసిన వాటిలో స్టార్ వార్స్ ఉంది, యంత్రాల్లాంటి వీరుల థీమ్ బయోనికల్ కూడా ఉంది. మొదటిది అద్దెకు తెచ్చిన కథ, రెండోది సొంతది. కాబట్టి సొంతదైతే మంచిది, సినిమాదైతే చెడ్డది అన్న గీత నిలవదు.

మీ పెట్టెకు దగ్గర ఉదాహరణ ఒకటి చెబుతాను. మీ పాత గుర్రం నాలుగు కాళ్ల మీద కర్రలా నిలబడుతుంది. వెనక కాళ్లు కదిలి, ముందరి కాళ్లు పైకెత్తి సకిలిస్తున్నట్టు నిలబడే గుర్రం 2012లో లార్డ్ ఆఫ్ ద రింగ్స్ సెట్లతో వచ్చింది. అచ్చు తయారు చేయించడం బాగా ఖర్చుతో కూడిన పని. ఆ ఖర్చు సినిమా థీమ్ పెట్టుకుంది. మరుసటి ఏడు అదే గుర్రం కోట సెట్లలో దౌడు తీసింది. మనం కోపంగా చూసే థీమ్ మన థీమ్‌కు గుర్రాన్ని ఇచ్చి వెళ్లిందన్నమాట.

ఇక భవిష్యత్తు. కోట థీమ్ మళ్లీ వస్తుందా అన్నారు. వచ్చింది కూడా. మీరు పాత పేరు కోసం వెతకడం వల్ల కనిపించలేదు. 2021లో మూడు రకాలుగా కట్టుకునే క్రియేటర్ వరసలో ఒక మధ్యయుగపు కోట వచ్చింది. అదే ఏడు ఐడియాస్ వరసలో కమ్మరి కొలిమి వచ్చింది. ఐడియాస్ అంటే అభిమాని ఒక నమూనా చేసి చూపిస్తే, దానికి 10,000 మంది మద్దతు కూడితే, కంపెనీ పరిశీలించి కొన్నింటిని సెట్లుగా తెచ్చే పద్ధతి. కంపెనీకి 90 ఏళ్లు నిండబోతుండగా ఏ పాత థీమ్‌ను మళ్లీ చూడాలనుందో అభిమానులనే ఓటు అడిగారు. 2022లో సింహం జెండాతో 4,514 ముక్కల కోట వచ్చింది. 2024లో 3,304 ముక్కల మధ్యయుగపు సంత కూడలి వచ్చింది. సముద్రపు దొంగల అభిమానులకూ 2020లో బారకూడా బే, 2023లో ఎల్డొరాడో కోట దక్కాయి. "ఇక రాదు" అన్న మీ తమ్ముడి మాట నిజం కాదు.

కానీ మీ తమ్ముడి మాటలో ఒక పాలు నిజం ఉంది, దాన్ని దాచి మీకు ఓదార్పు చెప్పను. తిరిగి వచ్చినవి చాలావరకు పెద్దవాళ్ల కోసం. 2020 నుంచి నల్లటి పెట్టెల మీద "18+" అని రాసి అమ్మడం మొదలుపెట్టారు. మన తరం వాళ్లు చిన్నప్పటి ఇష్టాన్ని మళ్లీ కొనుక్కోగల స్థితికి వచ్చారని కంపెనీ గుర్తించింది. పోయింది కోట కాదు, చిన్న సెట్టు. ఒక సైనికుడు, ఒక గుర్రం, ఒక చిన్న బండి. పుట్టినరోజుకు అడగడానికి జంకనక్కర్లేనంత చిన్నది. అలాంటివి నాలుగైదు కూడితే సైన్యం, పక్కింటి పిల్లాడి దగ్గర శత్రువుల గుర్తువి ఉంటే యుద్ధం. మీరూ తమ్ముడూ పుట్టినరోజుకొకటిగా కూడబెట్టుకున్నామని రాశారు చూడండి, ఆ కూడబెట్టుకునే ఆట పోయింది. 4,514 ముక్కల కోట చాలా అందంగా ఉంటుంది, కానీ అది ఒకేసారి వచ్చి పడుతుంది. పెరగదు. ఎనిమిదేళ్ల పిల్ల దాని చుట్టూ తన లోకాన్ని కొద్దికొద్దిగా కట్టుకోలేదు. ఈ నష్టం నాకు నిజంగా బాధగా ఉంటుంది. అభిమానులు గొంతెత్తాల్సింది "మా కోట మాకివ్వండి" అని కాదు, "పిల్లలకు చిన్న సెట్లు ఇవ్వండి" అని.

పిల్లల కోసం సాదా కోట థీమ్, కథా సీరియలూ గేమూ ఏమీ లేకుండా, సైనికులూ గుర్రాలూ మాత్రమే ఉన్నది, దగ్గరలో వస్తుందా? రాదనే నా అంచనా. 2016లో నెక్సో నైట్స్ అని మెరిసే కవచాలు, స్కాన్ చేసే డాళ్లతో ఫోన్ గేమ్ కలిపి తెచ్చారు. అది 2018కి ముగిసింది. ఫోన్‌తో కలిపి కొత్తగా చేయాలన్న తొందరలో అన్నీ నిలవవు. 2021లో పాటలూ వీడియోలూ కలిపి తెచ్చిన విదియో ఏడాది కూడా సరిగా నడవలేదు. మరోవైపు పిల్లలు గేమ్‌ల చుట్టే ఉన్నారన్నది నిజం, అందుకే 2020లో మారియో, ఆ తర్వాత యానిమల్ క్రాసింగ్, ఫోర్ట్‌నైట్ వచ్చాయి. పిల్లల కోట ఎప్పుడైనా తిరిగొస్తే ఇంకో కథ కడుపులో దాక్కుని వస్తుంది. మంత్రాల బడిగానో, డ్రాగన్ల దీవిగానో. అప్పుడు మనవాళ్లు కొందరు "ఇది మా కోట కాదు" అంటారు. మీరు ఆ వరసలో నిలబడకూడదని నా కోరిక.

ఎదురుచూడటం గురించి ఒక మాట. బయోనికల్ అభిమానుల కథ నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. 2001లో మొదలైన ఆ థీమ్ 2010లో ముగిసింది. ఐదేళ్లు ఎదురుచూశారు. 2015లో తిరిగొచ్చింది. 2016లోనే మళ్లీ ఆగిపోయింది. రెండోసారి ముగిసినప్పుడు వాళ్ల బాధ మొదటిసారి కంటే ఎక్కువ, ఎందుకంటే ఈసారి ఆశ కూడా పోయింది. కంపెనీ ప్రకటన కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తూ కూర్చుంటే, చేతిలో ఉన్న ముక్కలు కూడా మనవి కాకుండా పోతాయి.

నాకూ ఇలాంటిది ఒకటుంది. నేను అంతరిక్షం థీమ్ మనిషిని. 1979 నాటి ఆ నీలం, బూడిద రంగుల పసుపు అద్దాల ఓడ, గెలాక్సీ ఎక్స్‌ప్లోరర్, నా చిన్నతనంలో మా అక్క స్నేహితురాలి ఇంట్లో ఉండేది. ముట్టుకోనిచ్చేవారు కాదు. 2022లో అదే ఓడను పెద్దగా, 1,254 ముక్కలతో మళ్లీ తెచ్చారు. తెప్పించుకుని రాత్రంతా కూర్చుని కట్టాను. కట్టినంతసేపూ ఎంత సంతోషంగా ఉన్నానో చెప్పలేను. తర్వాత దాన్ని అద్దాల బీరువాలో పెట్టాను. ఆరు నెలల తర్వాత మా అక్క కొడుకు వచ్చి "పిన్నీ, దీనికి చక్రాలు పెట్టుకోవచ్చా?" అన్నాడు. గుండె ఝల్లుమంది. పెట్టుకోమన్నాను. అది ఇప్పుడు సగం ఓడ, సగం లారీ. బీరువాలో ఉన్నప్పటి కంటే ఇప్పుడే దాన్ని నేను ఎక్కువ చూస్తున్నాను.

పాత ముక్క, కొత్త ముక్క ఒకదానికొకటి అతుక్కోవడమే ఈ బొమ్మలోని గొప్పతనం. 1958 నాటి ఇటుక ఈరోజు కొన్న ఇటుకలో బిగుస్తుంది. రెండు వరసల్లో నాలుగేసి బొడిపెలుండే ఒకే రంగు ఇటుకలు ఆరు ఉంటే వాటిని 915,103,765 రకాలుగా కలపవచ్చని లెక్కగట్టారు. ఆరింటికే అంత. థీమ్ అన్నది పెట్టె మీద అంటించిన పేరు. పెట్టె చించేశాక ముక్కకు పేరుండదు. మీ సింహం సైనికుడు మీ పాప డ్రాగన్ ఎక్కితే ఆపే నియమం ఏదీ లేదు.

సరే, ఇక అమ్మకం. ఇది నిజానికి లెగో ప్రశ్న కాదు, అన్నదమ్ముల ప్రశ్న. ఆ పెట్టె మీ ఒక్కరిది కాదు. మావయ్యగారు ఇద్దరికీ కలిపి ఇచ్చారు. అమ్ముదామనే హక్కు ఆయనకుంది, వద్దనే హక్కు మీకుంది. ఆయనకు డబ్బు అవసరం ఏదైనా ఉందేమో, అన్నయ్యకు నోరు తెరిచి చెప్పలేక థీమ్ మీదికి నెడుతున్నాడేమో, అది మాత్రం మెల్లగా కనుక్కోండి. అదే అయితే ఆ వాటా మీరే ఇచ్చి పెట్టె ఉంచుకోండి. అవసరమేమీ లేక, ధర కోసమే అంటుంటే, ఆ ధర ఎంత గట్టిదో ఇద్దరూ కలిసి చూడండి. పాత సెట్లకు కనిపించే పెద్ద ధరలు చాలావరకు అమ్మేవాళ్లు అడిగేవి, కొన్నవాళ్లు ఇచ్చినవి కావు. సెట్టు పూర్తిగా ఉండాలి, సూచనల పుస్తకం ఉండాలి, జెండాల మీద గీతలు ఉండకూడదు, మనుషుల ఛాతీ ముక్క పక్కన సన్నని పగులు ఉండకూడదు. ఎండ తగిలిన తెలుపు, బూడిద రంగు ముక్కలు పసుపెక్కుతాయి. ఎర్ర మట్టి రంగు ముక్కలు కొన్ని ఏళ్లు గడిచాక పట్టుకుంటేనే విరుగుతాయి. రెండు బాల్యాలు గడిచిన పెట్టెలో ఇవేవీ లేకుండా ఉంటాయనుకోను. ఉంటే మంచిదే. కానీ దీన్ని పెట్టుబడిలా చూస్తే ఇద్దరూ నిరాశపడతారు.

అమ్మాలనే తేలితే పెట్టె మొత్తాన్ని గంపగుత్తగా ఇచ్చేయకండి. రెండేసి ఉన్నవి, మీ ఇద్దరికీ జ్ఞాపకం లేనివి పక్కకు తీయండి. విడి ముక్కలు, విడి మనుషులు కూడా అమ్ముడుపోతాయి. 2000లో మొదలైన బ్రిక్‌లింక్ అనే ఆన్‌లైన్ సంత అలాంటి వాటికోసమే ఉంది. దాన్ని 2019లో లెగో కంపెనీయే కొనుక్కుంది. మీకు తక్కువైన కత్తో జెండానో కూడా అక్కడే వెతుక్కోవచ్చు.

ఉంచుకుంటే చేయాల్సిన పని కాస్త ఉంది. పదిహేనేళ్ల దుమ్మును గోరువెచ్చని నీళ్లలో, కొద్దిగా సబ్బుతో చేత్తోనే కడగండి. నీళ్లు 40 డిగ్రీలు దాటకూడదు, వాషింగ్ మెషీన్‌లో వేయకూడదు. స్టికర్లు ఉన్నవాటిని తడపకండి. నీడలోనే ఆరబెట్టండి. సూచనల పుస్తకాలు పోయుంటే బెంగ వద్దు, 1990ల చివరి నుంచి వచ్చిన చాలా సెట్లవి కంపెనీయే ఉచితంగా చూడనిస్తుంది. ఇంకో జాగ్రత్త ఉంది, చాలామంది ఇక్కడే నాలుక కరుచుకుంటారు. 2004 ప్రాంతంలో బూడిద రంగు మారింది. పాతది కాస్త పసుపు జీరతో వెచ్చగా ఉంటుంది, కొత్తది నీలం జీరతో చల్లగా ఉంటుంది. అప్పట్లో పాత అభిమానులు దీనిమీద చాలా గొడవ చేశారు. మీ కోట గోడలో తక్కువైన ఇటుకలకు కొత్తవి తెచ్చి అతికిస్తే గోడ మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. అలాంటప్పుడు కొత్త రంగును దాచాలని చూడకండి. పాత గోడ పాత రంగులో ఉండనిచ్చి, దానికి ఆనుకుని ఒక కొత్త బురుజు మొత్తం కొత్త రంగులో కట్టండి. నిజం కోటలు కూడా ఒక రాజు కట్టిన గోడకు ఇంకో రాజు బురుజు చేర్చగా పెరిగినవే.

ఆ కొత్త బురుజు పాపది కానివ్వండి. మీ కోటకు నింజాలు ఎందుకు వస్తున్నారో, స్నేహితులా శత్రువులా అది అదే నిర్ణయిస్తుంది. మీరు సలహాలు ఇవ్వకండి, ముక్కలు వెతికి అందించండి. చిన్న సెట్లు కొట్లో దొరకడం లేదని పైన నేను బాధపడ్డాను కదా, ఆ లోటు మీ ఇంట్లో ఇలా తీరుతుంది. పెట్టెలోంచి ఒక గుర్రం, ఒక సైనికుడు, ఒక చిన్న బండికి సరిపడా ముక్కలు తీసి చిన్న సంచిలో కట్టి పుట్టినరోజుకు ఇవ్వండి. మళ్లీ పండగకు ఇంకొకటి. మీరు కూడబెట్టుకున్నట్టే అదీ కూడబెట్టుకుంటుంది.

తమ్ముడిని ఒక ఆదివారం పొద్దున్నే రమ్మనండి. ఫోన్‌లో వాదించుకోవడం ఇక ఆపండి. పెట్టెను ఎదురుగా మూతతో పెట్టుకుని మాట్లాడకండి, నేల మీద దుప్పటి పరిచి మొత్తం కుమ్మరించండి. ఏ సైనికుడు ఎవరివాడో, నల్ల గుర్రం కోసం ఎవరు ఎవరిని కొట్టారో తేలనివ్వండి. పాపను మధ్యలో కూర్చోబెట్టుకోండి, ఆ డ్రాగన్‌తో సహా. అమ్మకం మాట మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎత్తండి. ఆయన అప్పటికీ అమ్మేద్దామంటే ఆయన వాటా ముక్కలు ఆయనకిచ్చేయండి, నొచ్చుకోకండి. ఆ మాట రాకముందే పాప ఆయన చేతిలో ఒక హెల్మెట్ పెట్టి "బాబాయ్, ఇది ఎవరి తలకి?" అని అడుగుతుందని నా నమ్మకం.